చదివింపుల బల్ల దగ్గర

పల్లెలో పెళ్ళికి పోతే మర్యాదలకు కొదవుండదు. మంచం వాలుస్తారు, కాళ్ళకు నీళ్ళిస్తారు, తిన్నావా అని దోవన పోయేవాళ్ళు కూడా అడుగుతారు. వాటన్నిటికన్నా పెద్ద మర్యాద ఇంకోటుంది, చదివింపుల పుస్తకం మన చేతికివ్వడం. మొన్న మాఘమాసంలో మా స్నేహితుడి కొడుకు పెళ్ళిలో అది నాకు దక్కింది. దక్కింది అంటున్నాను గానీ, ఆ రెండు పూటలూ నేను పెళ్ళి చూసిందానికంటే పెళ్ళికొచ్చినవాళ్ళ చేతులు చూసిందే ఎక్కువ.

మా వాడూ నేనూ తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదివాం. తర్వాత నేను పరీక్ష రాసి బ్యాంకులో క్లర్కుగా చేరాను. వాడు కాణిపాకం పక్కనున్న వాళ్ళ ఊరికి పోయి చెరుకూ మామిడీ పట్టుకున్నాడు. నేను రిటైరై తిరుపతిలో ఉంటున్నాను, వాడికి ఆ సౌకర్యం లేదు. ఉన్న ఒక్క కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పత్రిక ఇవ్వడానికి మొగుడూ పెళ్ళాం మా ఇంటికి వచ్చినప్పుడు, తాంబూలం పళ్ళెం నా భార్య చేతికిచ్చి ఆమె "అన్నా, వదినను పిలుచుకోని ముందుగానే రావాల. మూర్తం టయానికొచ్చి మాయమైపోతే ఒప్పుకోను" అంది. మా వాడు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి అసలు సంగతి చెప్పాడు. "రేయ్, నువ్వొచ్చేది తినిపోయేదానికి కాదు. చదివింపులు నువ్వే రాయాల."

మీ బంధువుల్లో ఎవరూ లేరా అంటే నవ్వాడు. తమ్ముడికిస్తే బామ్మర్దికి కోపం, బామ్మర్దికిస్తే తమ్ముడికి కోపం. ఇద్దర్లో ఎవరికిచ్చినా ఎవురెంత పెట్టినారో సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అదే నేనైతే వాళ్ళ ఊళ్ళో నాకెవరూ తెలియదు, పైగా జీవితమంతా ఊళ్ళోవాళ్ళ డబ్బు లెక్కపెట్టి నోరు మూసుకున్నవాణ్ణి. కాదనలేకపోయాను.

మా జిల్లాలో చాలా కులాల్లో పెళ్ళి మగపిల్లవాడి ఇంటి దగ్గర చేయడమే ఆనవాయితీ. ఇప్పుడు కాణిపాకంలోనూ చిత్తూరులోనూ కల్యాణ మండపాలు బోలెడున్నాయి కాబట్టి ఎక్కువమంది అక్కడే కానిచ్చేస్తున్నారు. మా వాడు మాత్రం ఇంటిముందర చప్పరం వేసే చేస్తానని పట్టుబట్టాడు. వాడి పట్టుదలకు కారణం ఎనభై దాటిన వాళ్ళమ్మ. ఆమె మండపం మెట్లు ఎక్కలేదు. ఎక్కగలిగినా ఎక్కేది కాదని తర్వాత నాకు అర్థమైంది.

తిరుపతిలో కాణిపాకం బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో పోయాం. చెరుకు కొట్టే కాలం కావడంతో దోవ పొడుగునా గానుగల దగ్గర పిప్పి ఎండబోసి ఉంది, బెల్లం పాకం వాసన ఆటోలోకి కొట్టింది. మామిడితోటలు పూతమీదున్నాయి. ఊరు చేరేసరికి పాలకొమ్మ నాటడం అయిపోయింది, కుమ్మరివాళ్ళింటికి మేళంతో పోయి అరివేణి కుండలు తెచ్చి దేవుడి గదిలో పెట్టేశారు కూడా. మధ్యాహ్నం సంగటీ, పితికిపప్పు కూరా. అనపకాయల కాలంలో పెళ్ళి పెట్టుకున్నందుకైనా మా వాణ్ణి మెచ్చుకోవాలి. ఆ పెళ్ళిలో అన్ని పూటల భోజనాల్లోకీ నాకు గుర్తుండిపోయింది వంటవాళ్ళు రాకముందు ఇంట్లోవాళ్ళు చేసిన ఆ కూరే.

భోజనమయ్యాక వాడు ట్రంకుపెట్టెలోంచి ఒక పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పొడుగు పుస్తకం, గోనె దారంతో కుట్టింది, అంచులు పురుగు తిన్నాయి. 1990లో వాడి పెళ్ళి చదివింపులు అందులో ఉన్నాయి. వాళ్ళ నాయన చేతిరాత. ఇంకు వెలిసిపోయి గోధుమరంగుకు వచ్చింది గానీ చదవడానికి ఇబ్బంది లేదు. 5 రూపాయలు, 11 రూపాయలు, అక్కడక్కడా 25. యాభై ఒకటి పెట్టినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. డబ్బు లేనివాళ్ళు సరుకు పెట్టారు: బియ్యం ఒక బస్తా, చెనక్కాయలు, బెల్లం, ఒక స్టీలు బిందె. కాలేజీ స్నేహితులం అందరం కలిసి ఇచ్చిన గోడగడియారం కూడా ఒక వరుసలో ఉంది, మా పేర్లేమీ లేకుండా "తిరుపతి పిల్లకాయలు" అని.

నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది మార్జిన్. ప్రతి పేరు పక్కనా ఒక అడ్డగీత, దాని పక్కన వేరే ఇంకుతో ఒక సంవత్సరం, ఒక అంకె. అంటే ఆ ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు వీళ్ళు తిరిగి ఎంత పెట్టారన్నది. 11 పెట్టిన ఇంటికి 1998లో 51, ఇంకో ఇంటికి 2006లో 116. గీత లేని పేర్లు కొన్నే ఉన్నాయి. బ్యాంకులో ఇంత శుభ్రంగా తీరిన బాకీల రిజిస్టరు నేను చూడలేదు. వడ్డీ లేదు, గడువు లేదు, జామీను లేదు, నోటీసు లేదు అన్నాను.

"వడ్డీ లేదంటావేంది సామీ" అంది మంచంమీద కూర్చున్న వాళ్ళమ్మ. ఆమె నన్ను కాలేజీ రోజుల నుంచి సామీ అనే పిలుస్తుంది. "ఆ దినాల్లో ఆడకూలి పదో పదకొండో. పదకొండు రూపాయలు పెట్టినోళ్ళు మనకు ఒక దినం కూలి పెట్టినట్టు. ఇప్పుడు తిరిగి పెట్టేటప్పుడు పదకొండు పెడతామా? ఇప్పటి కూలెంతో అది పెట్టాల." ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకోవడానికి సర్కారు ఎన్ని సూచీలు పెట్టినా, ఒక దినం కూలి అన్నంత సూటిగా ఏదీ లేదనిపించింది నాకు. కాకపోతే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కూలి చేసుకునేవాళ్ళకు అది ఇప్పటికీ ఒక దినం కూలే. ఒక నెలలో నాలుగు పెళ్ళిళ్ళు వస్తే నాలుగు దినాల కూలి ఎగిరిపోతుంది. ఈ ఆచారం గొప్పదని చెప్పేవాళ్ళు ఆ సంగతి కూడా చెప్పాలి.

కొత్త పుస్తకం నేనే తీసుకుపోయాను, రెండొందల పేజీలది, గట్టి అట్ట. మా వాడి భార్య నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పేజీలో కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చింది. మొదటి వరుసలో "శ్రీ వరసిద్ధి వినాయకస్వామి, కాణిపాకం" అని రాయించి ఎదురుగా 11 వేయించారు. ఆ పదకొండు ఇంట్లోవాళ్ళే హుండీ కోసం పక్కన పెడతారు. రెండోది మేనమామది. ఈ వరుస తప్పితే గొడవలవుతాయని మా వాడు ముందే హెచ్చరించాడు. నేను బ్యాంకు అలవాటుకొద్దీ గళ్ళు గీసుకున్నాను: వరుస సంఖ్య, ఊరు, పేరు, ఎవరి తాలూకు, రూపాయలు, వస్తువు. ప్రతి పేజీ అడుగున మొత్తం, దాన్ని తర్వాతి పేజీకి తీసుకుపోవడం. అది చూసి పక్కన కూర్చున్న వాడి పెదనాయన "లెక్క తేడా వస్తే భయం లేదులే అబ్బోడా, ప్రమాణానికి కాణిపాకం ఆటోలో పోయేంత దూరమే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, కోనేట్లో మునిగి స్వామి ముందర ప్రమాణం చేయడమంటే అక్కడివాళ్ళు నవ్వులాటగా తీసుకోరని మా జిల్లాలో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు.

మా చిత్తూరు వైపు రిసెప్షన్ ముందురోజు రాత్రే అయిపోతుంది, ముహూర్తం మర్నాడు తెల్లవారుజామున. కోస్తా నుంచి వచ్చిన బంధువులకు ఇదెప్పుడూ వింతే. తాళి కట్టకముందే ఇద్దర్నీ పక్కపక్కన సోఫాలో కూర్చోబెట్టి ఫోటోలు తీయడమేంటని అడుగుతారు. తమిళనాడు పక్కన ఉన్నాం, అంతే. సాయంత్రం ఆడపెళ్ళివాళ్ళ బస్సు పలమనేరు వైపు నుంచి దిగింది. ఎదుర్కోలు, పానకం, మేళం. వాళ్ళు వాళ్ళ పుస్తకంతో చప్పరం అవతలి పక్క ఇంకో బల్ల వేసుకున్నారు. రెండువైపులా బంధుత్వం ఉన్నవాళ్ళకు వచ్చిన తిప్పలు చూడాలి. ఒకాయన నా ముందు నిలబడి చాలాసేపు ఆలోచించి, "నీ దాంట్లో సగం, దాంట్లో సగం" అని జేబులో డబ్బు రెండు చేతులకూ పంచుకున్నాడు.

రాత్రి పెద్దగా కష్టం కాలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బెంగళూరు స్నేహితులు, ఉద్యోగస్తులు. కవర్లు, బొకేలు, గిఫ్టు ప్యాకెట్లు. కవర్లను విప్పకుండా పైన పేరు చూసి రాసుకుంటే సరిపోయింది. కొన్నిటిమీద పేరే లేదు. ఒకదానిమీద అందమైన అక్షరాలతో "ఫ్రెండ్స్" అని మాత్రమే ఉంది. తర్వాత విప్పితే అందులో చాలా డబ్బుంది. తిరిగి పెట్టడానికి ఎవర్ని వెతకాలో పెళ్ళికొడుకు చెప్పలేకపోయాడు. ఇంకొకటి పేరు, ఊరు, అపార్ట్‌మెంటు నంబరుతో సహా రాసుంది, లోపల ఏమీ లేదు. మరిచిపోయి ఉంటారు. దానికెదురుగా "కవరు అందినది" అని రాశాను.

అసలు పని ముహూర్తం రోజు ఉదయం.

ముహూర్తం 4:30 నుంచి 6 లోపల. చలి బాగా ఉంది. మా బల్ల చప్పరం మొగదల్లో, బంతికి పోయే దోవలో. రాత్రంతా మేలుకుని ఉన్న నాదస్వరం ఆయన అప్పుడే టీ తాగి కూర్చున్నాడు. తిరుపతి దేవస్థానం నుంచి వచ్చిన తలంబ్రాల పొట్లాన్ని మా వాడి భార్య పూజారికి ఇచ్చింది. పెళ్ళి పత్రిక తిరుపతి కె.టి. రోడ్డులోని దేవస్థానం ఆఫీసుకు పోస్టులో పంపితే శ్రీవారి అక్షతలు, కుంకుమ, కంకణం పంపిస్తారు. మా ప్రాంతంలో పత్రికలు అచ్చయిన వెంటనే చేసే పని అది. జీలకర్ర బెల్లం పెట్టేసరికి వేదిక చుట్టూ కెమెరాలవాళ్ళు గోడ కట్టేశారు. ఒకడు లైటు, ఒకడు స్టాండు, ఒకడు బొంగరంలా తిరుగుతూ వీడియో. గట్టిమేళం మోగగానే అక్షతలు వేయడానికి లేచినవాళ్ళకు కనబడింది వాళ్ళ వీపులే. నాకు ఒక భుజానికీ ఇంకో భుజానికీ మధ్య పసుపుతాడు పట్టుకున్న చెయ్యి కనిపించింది, అదైనా కనిపించింది. అక్షతలు చాలావరకు కెమెరా ఆయన నెత్తిన పడ్డాయి. తర్వాత తలంబ్రాలు సరిగ్గా రాలేదని మళ్ళీ పోయమన్నారు. పూజారి ఒప్పుకోలేదు. ఆయనంటే నాకు అప్పటినుంచీ గౌరవం.

తాళి పడిన మరుక్షణం బల్ల దగ్గరికి జనం వచ్చేశారు. పేరు అడిగితే వినాయకం అంటాడు. ఇంకొకాయన వస్తాడు, ఆయనా వినాయకమే. కాణిపాకం చుట్టుపక్కల ఊళ్ళలో వినాయకుడి పేరు లేని ఇల్లు తక్కువ. గణేశులు, వరసిద్ధులు, విఘ్నేశులు వరసగా వచ్చారు. ఇంటిపేరు అడిగితే అదీ ఒకటే. అందుకే "ఎవరి తాలూకు" గడి పనికొచ్చింది. పాలకేంద్రం, కండక్టరు, బోరుబండి, మిషను కుట్టే ఆయన అల్లుడు. పక్కన మంచం వేయించుకుని కూర్చున్న మా వాడి అమ్మ నాకు ఇండెక్స్. చూపు సరిగ్గా ఆనదు గానీ గొంతు వింటే చాలు, మూడు తరాలు చెప్పేది. మండపానికి ఆమె ఎందుకు ఒప్పుకోలేదో అప్పుడు తెలిసింది. అక్కడైతే ఆమె ఏ మూలనో కుర్చీలో కూర్చుని ఉండేది.

అంతలో మైకు గొడవ మొదలైంది. వాళ్ళ ఊళ్ళో ఎవరెంత చదివించారో మైకులో చెప్పడం అలవాటు. ఫలానా ఊరు, ఫలానావారు, పెళ్ళికొడుక్కి ఇన్ని రూపాయలు అని. పెళ్ళికొడుకు అది వద్దన్నాడట, స్నేహితుల ముందు సిగ్గుగా ఉంటుందని. తండ్రీ ఊఁ అన్నాడు. ఒక పెద్దాయన డబ్బు నా చేతికిచ్చి, నేను రాసుకున్నాక కూడా కదల్లేదు. "చెప్పలేదే" అన్నాడు. ఈసారి మైకులో చెప్పడం లేదన్నాను. "చెప్పకపోతే నేనొచ్చినట్టు ఎట్ల తెలుస్తుంది?" ఆయన వెనక ఇంకో నలుగురు అదే అన్నారు. వాళ్ళు అడిగింది గొప్ప కోసం అనుకుంటే పొరపాటు. మా పేరు వినబడాలి, పెళ్ళివాళ్ళ పిలుపుకు మేం పలికామని నలుగురికీ తెలియాలి, అంతే. అటుపక్క వాదన కూడా కొట్టిపారేసేది కాదు. యాభై రూపాయలు పెట్టినామె వెనకే ఐదువేలు పెట్టినాయన పేరు మైకులో మోగితే ఆమె ముఖం ఎట్లుంటుంది? నా ముందే ఒకామె రెండు నోట్లు తీసి, వెనకున్న ఆయన చేతిలో లావు కవరు చూసి, ఇంకో నోటు కలిపింది.

పెద్దావిడే తేల్చింది. "ఊరూ పేరూ చెప్పండి, దుడ్లు చెప్పొద్దు." మా వాడి తమ్ముడు మైకు అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, ఒక్క బోరుబండి ఆయనకు తప్ప. ఆయన బాగా ఎక్కువ పెట్టాడు.

నాణేల సంగతి చెప్పాలి. ఐదొందల నోటు తీసినవాళ్ళంతా రూపాయి కోసం జేబులు తడుముకుంటారు. ఇప్పుడు ఎవరి దగ్గరా చిల్లర ఉండదు, అంతా ఫోన్లే కదా. "సామీ, ఒక రూపాయి ఉంటే ఇయ్యి, 501 చేస్తా" అని నన్నే అడుగుతారు. నేను పెళ్ళికొడుకు పెట్టెలోంచి రూపాయి తీసి వాళ్ళకిస్తే, వాళ్ళు దాన్ని నోటుమీద పెట్టి పెళ్ళికొడుక్కే ఇస్తారు. లెక్క ప్రకారం అక్కడ వచ్చింది 500. పుస్తకంలో మాత్రం 501 ఉండాలి, లేకపోతే వాళ్ళు ఊరుకోరు. రాత్రే ఇది గమనించి, మా వాడి చేత వంద రూపాయి బిళ్ళలు తెప్పించి విడిగా ఒక గిన్నెలో పెట్టించాను, దాన్ని ప్రారంభ నిల్వగా చూపించాను. పుస్తకంలో ఆ రూపాయల పక్కన చిన్న చుక్క పెట్టాను. అవే బిళ్ళలు గిన్నెలోంచి చేతిలోకి, చేతిలోంచి పెట్టెలోకి, పెట్టెలోంచి మళ్ళీ గిన్నెలోకి తిరుగుతూనే ఉన్నాయి.

ఫోన్లో పంపేవాళ్ళ కోసం బల్లమీద క్యూఆర్ కోడు అంటించారు. మొదట మా వాడి అకౌంటుది అంటించారు, నేను తీయించి పెళ్ళికొడుకుది పెట్టించాను. పెళ్ళి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకలమీద, ఎవరిచ్చినా, ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు పెళ్ళి చేసుకునేవాళ్ళకు మాత్రమే, కన్నవాళ్ళకు కాదు. తండ్రి అకౌంట్లో పడితే రేపు ఎవరైనా అడిగినప్పుడు ఇది పెళ్ళి డబ్బని సంజాయిషీ చెప్పుకోవాలి. ఒకే వేడుకకు ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న నిబంధన కూడా మా వాడికి చెప్పాను. "ఆ బాధ మనకొస్తే బాగుండురా" అన్నాడు.

సిగ్నల్ ఆ చప్పరం కింద నిలిస్తే ఒట్టు. డబ్బు పోయిందని ఫోను చూపిస్తారు, అక్కడ చక్రం తిరుగుతూ ఉంటుంది. అట్లాంటివన్నీ పెన్సిల్‌తో రాసి, పెళ్ళికొడుకు ఫోనుకు మెసేజి వచ్చిందని వాడి పిన్నమ్మ కొడుకు చేయెత్తాక పెన్నుతో దిద్దాను. ఒక కుర్రవాడు వాళ్ళ అంగట్లో ఉన్న స్పీకరు తెస్తానన్నాడు, డబ్బు పడగానే ఇన్ని రూపాయలు అందాయని అరుస్తుందే, అది. అది పలికేది అంగడి అకౌంట్లో పడిన డబ్బునే నాయనా, పెళ్ళికొడుకు పెళ్ళిలో నీకు కట్నమా అన్నాను. పైగా ఇంత కష్టపడి మైకులో వద్దనుకున్న అంకెలను అది ఊరంతా వినిపించేది.

జనం పలచబడ్డాక ఒకామె వచ్చింది. వయసు డెబ్బై ఉండొచ్చు. చెప్పులు చప్పరం బయటే వదిలేసి వచ్చింది. నిలబడి కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుంది, వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి, పంటితో లాగి విప్పింది. లోపల రెండొందల నోటు, ఎనిమిది మడతలు. విప్పి బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. ఊరి పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. ఎవరి తాలూకు అని రాయాలమ్మా, మీ ఆయన పేరా, కొడుకు పేరా అన్నాను.

"నా పేరే రాయి. నా దుడ్లు."

రాశాను. "చదువు" అంది. చదివాను. "మా ఇంట్లో ఇంక పెండ్లిండ్లు లేవు నాయనా. ఈళ్ళు తిరిగి పెట్టే పనుండదు. అయినా రాయి."

మంచంమీదినుంచి మా వాడి అమ్మ గొంతు గుర్తుపట్టింది. "మేయ్, లేవంటావేంది? నీ మనవరాలు నర్సు చదవతా ఉండాది కదా?"

"అది చేసుకోనంటాది అక్కా."

"చేసుకోనన్నోళ్ళంతా చేసుకోకుండా పోయినారా? ఆ పెండ్లికి నన్ను పిలు. రా, కూర్చో. తిన్యావా?"

ఇద్దరూ మంచంమీద కూర్చుని అట్లాగే మాట్లాడుకుంటూ ఉండిపోయారు. పాత పుస్తకంలో ఆమె పేరు ఉందేమోనని సాయంత్రం వెతికాను. ఉంది. 1990, వాళ్ళాయన పేరుమీద, చెనక్కాయలు రెండు సేర్లు. పక్కన గీత కూడా ఉంది.

మధ్యాహ్నం ఓళిగలూ నెయ్యీ తిని, దేవుడి గదిలో తలుపేసుకుని లెక్కకు కూర్చున్నాం. నేను, మా వాడు, వాడి తమ్ముడు, బామ్మర్ది. నలుగురూ ఉండాలన్నది నా షరతు. నోట్లు రకాల వారీగా కట్టలు కట్టాం. చినిగినవి, అతికించినవి వేరే. పుస్తకం మొత్తం, పెట్టెలో నగదు, ఫోనులో పడింది, గిన్నెలో బిళ్ళలు. మొదటి లెక్కలో నగదు 500 తక్కువొచ్చింది. తమ్ముడూ బామ్మర్దీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నాకు ఇట్లాంటి నిశ్శబ్దాలు అలవాటే, క్యాషు కౌంటర్లో ప్రతి సాయంత్రం ఉండేది. వరుసగా వెనక్కి పోతే దొరికింది. పలమనేరాయన ఒకాయన నోటిచ్చి పేరు రాయించుకున్నాక, ఇది ఆడపెళ్ళివారి బల్ల కాదా అని తన నోటు తాను తీసుకుని అటు వెళ్ళాడు. అటువైపు పుస్తకం తెప్పించి చూస్తే అక్కడ పేరుంది. ఇక్కడి వరుస కొట్టేసి నలుగురి చేతా సంతకాలు పెట్టించాను. అప్పటికిగానీ బామ్మర్ది ఓళిగలు ఎట్లున్నాయని తమ్ముణ్ణి అడగలేదు.

మొత్తం ఎంతన్నది నేను చెప్పను. చప్పరానికీ వంటలకూ అయిన ఖర్చుతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. అయినా మా వాడు ఆ సాయంత్రం వంటవాళ్ళకూ మేళంవాళ్ళకూ చేయిచాచకుండా లెక్క తేల్చేయగలిగాడంటే ఆ డబ్బు వల్లే. వెయ్యిమంది కొంచెం కొంచెం వేసి ఒక ఇంటి పెళ్ళి దాటించడం కోసమే మొదట్లో ఇది పుట్టి ఉంటుంది. ఆ ఊళ్ళో ఇప్పటికీ అందుకే పనికొస్తోంది.

సాయంత్రం మా వాడి భార్య పుస్తకాన్ని కొత్త కోడలి చేతిలో పెట్టింది. పాతది కూడా. ఆ అమ్మాయి బెంగళూరులో ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తుంది. గళ్ళు చూసి, చుక్కలెందుకని నన్నడిగింది. చెప్పాను. ఫక్కున నవ్వి, "ఎక్సెల్‌లో ఎక్కిస్తాను మామా, ఊరి వారీగా వెతుక్కోవచ్చు" అంది. ముసలామె ఒప్పుకోలేదు. ఫోను పోతే ఏం చేస్తావంది. పుస్తకానికి చెదలు పడితే ఏం చేస్తాం అవ్వా అని కోడలు. కాసేపటికి రాజీ పడ్డారు, పుస్తకం బీరువాలో ఉంటుంది, ఫోటోలు ఫోనులో ఉంటాయి. అప్పుడే వరండాలో కూర్చుని పేజీ పేజీకీ ఫోటో తీసింది, అవ్వ పక్కన కూర్చుని ఒక్కో పేరూ ఎవరో చెబుతూ పోయింది.

మొదటి బాకీ అప్పటికే తరుముకొచ్చింది. పుస్తకంలో 1,116 రాయించిన ఒక ఇంట్లో ఆ నెలాఖరుకే పెళ్ళి, తిరుపతిలో మండపంలో. మా వాడికి ఆ రోజు చెరుకు కొట్టే కూలీలు వస్తారు, కదిలే వీలు లేదు. ఎట్లాగూ నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి కవరు నా చేతికిచ్చారు. పైన ఏమీ రాసి లేదు. అక్కడే నిలబెట్టి కొత్త కోడలి చేత ఊరు, పేరు, ఎవరి తాలూకు అని పెద్ద అక్షరాలతో రాయించి, లోపల రూపాయి బిళ్ళ ఉందో లేదో తడిమి చూసి జేబులో పెట్టుకున్నాను.